చేతిలో పడితేనే పాట

లైట్నిన్ హాప్కిన్స్ పాటలకు నేనెప్పుడూ పెద్ద ధర పెట్టలేదు. హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల సరసన సీడీలు కూడా గుట్టపోసి అమ్మిన రోజుల్లో, ఆ గుట్ట అడుగున దొరికే సరుకు ఆయన. అట్ట మీద గూడ్సు బండి బొమ్మ ఉంటుంది, లేదంటే ఎవరిదో టోపీ. ఏ ఏడు పాడాడో, ఏ ఊళ్లో పాడాడో, పక్కన ఎవరైనా వాయించారో ఒక్క ముక్కా రాసుండదు. ఒకే పాట రెండు సీడీల్లో రెండు పేర్లతో కనిపిస్తుంది. ఒకే పేరు కింద రెండు వేరువేరు పాటలూ వినిపిస్తాయి. బేరమాడితే ఇంకాస్త తగ్గించి, కొసరుగా అయ్యప్ప భజనల సీడీ ఒకటి చేతిలో పెట్టేవాళ్లు. మా ఊరు డోన్‌కు తెచ్చుకుని వింటూ పోయాను. తర్వాత సీడీలు పోయి పెన్‌డ్రైవు వచ్చింది, అదీ పోయి ఫోను వచ్చింది, ఇప్పుడు ఆ చిల్లర కూడా ఇచ్చే పని లేదు. ఇంత పెద్ద వాద్యకారుడు ఇంత కారుచౌకగా ఎట్లా దొరుకుతున్నాడన్న ప్రశ్న మాత్రం పాటల కంటే ఆలస్యంగా నన్ను పట్టుకుంది.

తెలియనివాళ్లకు రెండు మాటలు. శామ్ హాప్కిన్స్ అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, సెంటర్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టిన నల్లజాతి గాయకుడు. పుట్టిన ఏడు 1911 అని కొందరు, 1912 అని కొందరు. చుట్టల పెట్టెకు తీగలు బిగించి మొదటి గిటారు తనే చేసుకున్నానని చెప్పుకునేవాడు. 1946లో లాస్ ఏంజెలెస్‌కు రికార్డింగుకు పోయినప్పుడు వెంట వచ్చిన పియానో ఆయన పేరు థండర్ స్మిత్. పక్కవాడు ఉరుమైనప్పుడు ఈయన మెరుపు కాక తప్పలేదు. ఆ పేరే నిలిచిపోయింది. 1982 జనవరిలో హ్యూస్టన్‌లో పోయాడు. ఈ మధ్యలో ఆయన ఇచ్చినన్ని రికార్డులు, బ్లూస్ అనే ఆ నల్లవాళ్ల పాట పాడినవాళ్లలో ఇంకెవరూ ఇవ్వలేదంటారు.

నేను ఎక్కువగా వినేవి అకూస్టిక్ గిటారు, అంటే కరెంటు తగలని గిటారు మీద పాడినవి. ఒక మనిషి, ఒక వాద్యం. బొటనవేలు లావు తీగల మీద ఒకే దెబ్బ వేస్తూ పోతుంటుంది. మిగతా వేళ్లు సన్న తీగల మీద గొంతుకు బదులు చెబుతుంటాయి. గొంతు ఎక్కడ ఆగిందో అక్కడ గిటారు అందుకుంటుంది. ఒక్కోసారి గొంతు సగం మాట మింగేస్తే మిగతా సగం గిటారే పలుకుతుంది. కాలు నేలను తడుతూనే ఉంటుంది, ఆ నేల చెక్కదని తెలిసిపోతుంది. వీటన్నిటిలో నాకు ఇష్టమైనది 1959 జనవరిలో హ్యూస్టన్‌లో శామ్యూల్ చార్టర్స్ అనే పరిశోధకుడు తీసిన రికార్డింగు. స్టూడియో లేదు. హాప్కిన్స్ అద్దెకుంటున్న గది, ఒకే మైకు. అప్పటికి ఆయన పాటలు బజారులో పాతబడి పోయాయి, గిటారు తాకట్టులో ఉందట. చార్టర్స్ ఒక అకూస్టిక్ గిటారు తెచ్చి చేతిలో పెట్టాడు. ఫోక్‌వేస్ కంపెనీ అదే ఏడు దాన్ని రికార్డుగా వేసింది. నలభై ఆరో నలభై ఏడో ఏళ్ల మనిషికి రెండో బతుకు అక్కడ మొదలైంది.

బ్లూస్‌కు ఒక చట్రం ఉంది. మొదట ఒక వరస, మళ్లీ అదే వరస, మూడోసారి దానికి జవాబు. అంతా కలిపి పన్నెండు బార్లు, అంటే పన్నెండు తాళం చుట్లు. హాప్కిన్స్‌కు ఈ లెక్క తెలుసు, లెక్కచేయడు. మాట ఇంకా మిగిలి ఉంటే పదమూడో బారులోకి పోతాడు, చెప్పాల్సింది అయిపోతే పదకొండున్నరకే తిప్పేస్తాడు. ఆయన పక్కన బేస్, డ్రమ్ములు వాయించడానికి కూర్చున్న పెద్ద పెద్ద వాళ్లు కూడా తడబడ్డ రికార్డింగులు ఉన్నాయి. స్వరం ఎప్పుడు మారాలన్నది ఆయన ఇష్టం, పుస్తకం ఇష్టం కాదు. ఈ సంగతి చదివి ఆశ్చర్యపడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మా సీమ పల్లెల్లో జాతరకు కురుక్షేత్రం నాటకం వేయిస్తే, పద్యం ఎత్తుకున్న కృష్ణుడు రాగాన్ని ఎక్కడ దించుతాడో ఆయనకే తెలియదు. హార్మోనిస్టు మెట్ల మీద వేళ్లు పెట్టుకుని ఆయన మొహమే చూస్తుంటాడు. కాకపోతే మా కృష్ణుడికి జనం 'వన్స్ మోర్' కొడితే అదే పద్యం, అదే రాగం, అంతే పొడుగున మళ్లీ రావాలి. తగ్గితే ఊరుకోరు. హాప్కిన్స్‌ను పాడిందే మళ్లీ పాడమంటే ఇంకో పాట వస్తుంది, పేరు మాత్రం అదే ఉంటుంది.

క్రిస్ స్ట్రాక్విట్జ్ అనే ఆయన అదే 1959లో హాప్కిన్స్‌ను వినడానికి కాలిఫోర్నియా నుంచి హ్యూస్టన్‌కు వచ్చాడు. చిన్న బీరు షాపులో కూర్చుని హాప్కిన్స్ పాడుతున్నాడు. ఆ రోజు పడిన వాన, తన కీళ్ల నొప్పి, ఎక్కడో కాలిఫోర్నియా నుంచి వెతుక్కుంటూ వచ్చిన ఈ మనిషి, అన్నీ అక్కడికక్కడే పాటలోకి వచ్చేశాయట. స్ట్రాక్విట్జ్ మరుసటి ఏడు ఆర్హూలీ అనే రికార్డుల కంపెనీ పెట్టింది ఆ మత్తులోనే. అట్లా అప్పటికప్పుడు పాట అల్లగలవాడికి ఏ ఒక్క పాట మీదా మమకారం ఉండదు. ఇది గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ అర్థమవుతుంది.

ఆ కథ ఏమిటంటే ఆయన నగదు మనిషి. పాటకు ఇంత అని ముందే చేతిలో పెట్టాలి. వంద డాలర్లు అన్నది ఆయన గురించి రాసేవాళ్లంతా చెప్పే లెక్క. అమ్ముడుపోయిన ప్రతి రికార్డుకూ ఇంత వాటా అనే రాయల్టీ మాట ఎత్తితే వినేవాడు కాదు. డబ్బు పడితే పాట, పడకపోతే గిటారు మళ్లీ పెట్టెలోకి. ఇవాళ ఒక కంపెనీకి అమ్మిన పాటనే కొంచెం అటూ ఇటూ మార్చి ఇంకోనాడు ఇంకో కంపెనీకి అమ్మేవాడు. 1946 నుంచి లాస్ ఏంజెలెస్ అలాడిన్, హ్యూస్టన్‌లో బిల్ క్విన్ నడిపిన గోల్డ్ స్టార్, న్యూయార్కు కంపెనీలు, ఎవరు వచ్చి నోట్లు లెక్కపెడితే వాళ్లకు పాడాడు. అందుకే ఆయన పాటలకు యజమానులు లెక్కలేనంత మంది అయ్యారు. ఆ టేపులు చేతులు మారాయి, మూతపడ్డ కంపెనీల దగ్గర నుంచి గంపగుత్తగా అమ్ముడుపోయాయి. పైగా ఐరోపాలో రికార్డింగు మీద హక్కు యాభై ఏళ్లే ఉండేది. 2013లో దాన్ని డెబ్బైకి పెంచినా, అప్పటికే గడువు తీరిన 1962 దాకా రికార్డులకు అది అంటలేదు. ఎవరైనా అచ్చేసుకోవచ్చు, అట్ట మీద గూడ్సు బండి బొమ్మ వేసుకోవచ్చు. అబిడ్స్ గుట్టలోకి ఆయన వచ్చిన దారి ఇది.

పుస్తకాలు రాసినవాళ్లు ఇక్కడ జాలిపడతారు. చదువు లేని మనిషి, రేపటి వందలు వదులుకుని ఇవాళ్టి వంద పట్టుకున్నాడు పాపం అంటారు. నాకు ఆ జాలి నచ్చదు. హాప్కిన్స్ పుట్టిన చోట పత్తి పాలుకు చేసే బతుకులు. భూమి దొరది, విత్తనం దొరది, కంచరగాడిద దొరది, కొట్టులో అరువు తెచ్చే పిండీ ఉప్పూ దొరది. పత్తి తీశాక లెక్క చూసేదీ దొరే. ఏడాది చివర కూలివాడికి అప్పు మిగలని లెక్క ఆ పుస్తకాల్లో తక్కువ. అట్లాంటి చోట పెరిగినవాడికి రాయల్టీ అంటే ఏమని వినబడుతుంది? నువ్వు పాడి పో, ఎన్ని అమ్ముడయ్యాయో మేం రాసుకుంటాం, నీ భాగం మేమే లెక్కకట్టి పంపుతాం అని. ఆ పుస్తకాన్ని ఆయన ముందే చూసి ఉన్నాడు.

మా వీధిలో అల్లుడు వరసైన రైతు ఒకడున్నాడు, వేరుశనగ బుడ్డలు, ఉల్లిగడ్డలు వేస్తాడు. సాయంత్రం వచ్చి కూర్చుంటే నేను వినేవి తనూ వింటాడు, మాటలు అర్థం కావు గనక ప్రశ్నలు వేస్తాడు. ఈ సంగతంతా చెప్పాను.

"అమ్మేది ఎవురు మామా?"

"కంపెనీవాళ్లే."

"లెక్క రాసేది?"

"వాళ్లే."

"ఇంగ రూపాయి యాడొస్తాది? ఈయప్ప తెలివైనోడే. పట్టీ చూసుకోని ఏడ్సేదానికన్నా నోటు చూసుకునేది మేలు."

ఉల్లిగడ్డలు మార్కెట్టుకు తోలి, కమీషను, హమాలీ, సంచుల ఖర్చు పోయి, బండి బాడుగకు ఎదురు డబ్బు కట్టి వచ్చిన అనుభవం అతనిది. బ్లూస్ చరిత్రకారుల కన్నా సూటిగా చెప్పాడనిపించింది.

తొలకరి వాన పడగానే మా పక్క తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి నడుస్తూ కనిపిస్తారు. వజ్రాల కోసం. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి చెట్ల కింద వంట చేసుకుంటూ వెతుకుతారు. రాయి దొరికిందని పుకారు లేస్తే, అది ఎవరి చేతికి పోయింది, ఎంతకు పోయింది అన్నది నాలుగు నోళ్లలో నాలుగు రకాలు. ఇంత నగదు, ఇంత బంగారం ఇచ్చారంటారు. సానపెట్టాక దాని విలువ ఎంతయిందో అమ్మినవాడికి ఎప్పటికీ తెలియదు. హాప్కిన్స్ బేరమూ ఇట్లాంటిదే కదా అని కొన్నాళ్లు అనుకున్నాను. చేలో రాయి దొరకడం బతుకులో ఒకసారి. హాప్కిన్స్‌కు పొద్దున ఒక పాట అమ్మితే మధ్యాహ్నానికి ఇంకోటి ఉంది. కొన్నవాళ్లు రాళ్లు పట్టుకుపోయారు, చేను మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

డబ్బు ఎవరు ఇస్తారన్నది పాట లోపలికి కూడా పోతుంది. హాప్కిన్స్ 1948లో గోల్డ్ స్టార్‌కు పాడిన పాట ఒకటి టిమ్ మూర్ అనే ఆసామి పొలం గురించి. టెక్సాస్‌లో బ్రాజోస్ నది పల్లపు భూముల్లో టామ్ మూర్ అనే పెద్ద భూస్వామి నిజంగానే ఉన్నాడు. ఆయన దగ్గర పనిచేసే కూలీల నోట్లో పుట్టిన పాట అది. రికార్డు మీదికి వచ్చేసరికి టామ్ కాస్తా టిమ్ అయ్యాడు. 1960లో ఆ చుట్టుపక్కలే బతికే మాన్స్ లిప్స్‌కమ్ అదే పాట పాడితే, మొదట్లో గాయకుడి పేరు వేయకుండా విడుదల చేశారు. అంత భయం. అయినా పాట ఉంది, దొర పేరుతో సహా ఉంది.

మా రేనాటి సీమలో ఇట్లాంటి పాట ఏదని వెతికితే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట తగులుతుంది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరి తీశారు. ఊరూరా తిరిగి పాడేవాళ్ల నోట ఆ కథ బతికింది. తంగిరాల వెంకట సుబ్బారావు దాన్నీ, 1866 కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి పాటనూ సేకరించి 'రేనాటి సూర్యచంద్రులు'లో పెట్టారు. గొప్ప పాటలు, కాదనను. కానీ రెంటిలోనూ వీరుడో దాతో కావాలి. చేలో కూలి ఎంత ముట్టింది, ఎవడు ఎగ్గొట్టాడు అన్న గొడవ వాటికి పట్టదు. మా పాటగాడు గడప గడపకూ పోయి పాడి, ఆ ఇంటివాళ్లు పోసిన గింజలతో బతికినవాడు. పెట్టిన చేతిని పొగడకుండా ఆయనకు ఎట్లా గడుస్తుంది? హాప్కిన్స్ శనివారం రాత్రి తనలాంటి కూలీలతోనే నిండిన షాపులో పాడాడు. నాణెం వేసేది వాళ్లు, దొర కాదు. అందుకని దొరను తిట్టగలిగాడు. కరువుల్లో మేం వాళ్లకు తీసిపోం. 1876-78 కరువు కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను ఊడ్చేసింది. కానీ ఆ కడుపు మంటను కూలివాడు కూలివాడికే పాడుకుని, దాని మీద డబ్బు సంపాదించే చోటు మాకు ఏర్పడలేదు. ఇది నా ఊహ. జానపదాలు చదివినవాళ్లు కాదంటే వింటాను.

చవక రికార్డుల సంగతి హాప్కిన్స్‌తో మొదలైంది కాదు. 1920లలో బ్లైండ్ లెమన్ జెఫర్సన్ అనే బ్లూస్ గాయకుడి పాటలను అచ్చేసిన పారామౌంట్ లేబుల్, విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కంపెనీకి పుట్టిన పిల్ల. గ్రామఫోను పెట్టెలు చేస్తున్నారు గనక, వాటి మీద తిరగడానికి ఏదో ఒకటి కావాలని రికార్డులు వేశారు. నాసి లక్క వాడటం వల్ల పాట కన్నా బరబర ఎక్కువ వినిపిస్తుంది. ఇంకో బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937లలో పాడిన పాటల్లో కొన్ని చిల్లర సామాన్ల దుకాణాల్లో అమ్మే చౌక లేబుళ్ల మీద వచ్చాయి. మనకూ హెచ్‌ఎంవీ వాళ్లు 'ట్విన్' అని తక్కువ ధర లేబుల్ నడిపారు. 1980లలో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ క్యాసెట్ ధరను నేలకు దించాక, పల్లెల్లో భజన మందిరానికి కూడా టేప్‌రికార్డరు వచ్చింది. చిన్న ఊళ్ల బృందాలు తమ చెక్కభజన, తమ తత్వాలు తామే రికార్డు చేసి తిరునాళ్లలో అమ్ముకోగలిగాయి. ఆ పైన సెల్ పాయింట్లలో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించే కాలం. పాడినవాడి పేరు అక్కడా ఉండదు, 'తత్వాలు 2' అని ఫైలు ఒకటి ఉంటుంది.

పండితులకు ఈ గందరగోళం కిట్టదు. హాప్కిన్స్ పాటల్ని తేదీల వరసన పేర్చి, బొమ్మల పుస్తకం జతచేసి, పెద్ద పెట్టెలుగా అమ్మినవాళ్లూ ఉన్నారు. ఒక స్నేహితుడి దగ్గర అట్లాంటిది విన్నాను. శుభ్రంగా ఉంది, కానీ తేదీ చూస్తూ వింటుంటే ఎదుగుదల కోసం చెవి వెతుకుతుంది. 1947 నుంచి 1961కి ఏం మారాడు అని. పెద్దగా ఏమీ మారలేదు. అరుగు మీద కూర్చునే పెద్దాయన మాటలకు తేదీ వేసి పెట్టుకుంటామా? ఆయన చెప్పిందే చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ ఒక కొత్త మనిషో ఒక కొత్త తిట్టో దొర్లుతుంది, దానికోసమే వింటాం. 'ఉత్తమ గీతాలు' అని పన్నెండు ఏరి ఇస్తే హాప్కిన్స్ సగం పోతాడు. ఎడాపెడా కలిపేసిన చవక సీడీయే ఆయనకు సరిపోయింది, దాన్ని చేసినవాడికి ఆ ఉద్దేశం ఏమాత్రం లేకపోయినా.

రైలు జంక్షన్ ఊరివాడిగా ఇంకొకటి చెప్పి తీరాలి. 1903 ప్రాంతంలో మిసిసిపీలో టట్‌వైలర్ అనే స్టేషన్‌లో బండి కోసం పడిగాపులు పడుతూ, గిటారు తీగల మీద కత్తి జార్చి వాయిస్తున్న ఒక నల్లవాణ్ణి డబ్ల్యూ. సి. హ్యాండీ అనే సంగీతకారుడు విన్నాడు. రెండు రైలు దారులు ఒకదాన్నొకటి దాటే చోటికి పోతున్నానని అతని పాట. ఆ చోటు మూర్‌హెడ్ అనే ఊరు. హ్యాండీ తన ఆత్మకథలో రాసుకున్నాక ఈ ఘట్టం బ్లూస్ పురాణంలో మొదటి అధ్యాయమైంది. విచిత్రమైన సంగీతం అని హ్యాండీకి అనిపించిందట. సికింద్రాబాదు, నంద్యాల, గుంతకల్లు దారులు కలిసే డోన్‌లో, పనికోసం బండెక్కి పోయేవాళ్లను చూస్తూ పెరిగినవాడికి దారుల కూడలి మీద పాట కట్టడంలో విచిత్రం కనబడదు. కత్తి సంగతీ అంతే, కొయ్యముక్క జార్చి గోటువాద్యం పలికించే దేశం మనది.

అకూస్టిక్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆ నాజూకు గిటారు మీద నేను మనసు పారేసుకున్నానే, అది హాప్కిన్స్ కోరిక కాదు. 1954లో హెరాల్డ్ అనే కంపెనీకి ఆయన కరెంటు గిటారు మీద ఇచ్చిన పాటలు వినండి, తీగలు నిప్పులు కక్కుతాయి. తర్వాత వాటిని కొనేవాళ్లు తగ్గారు. 1959 నుంచి కొనడానికి వచ్చినవాళ్లు వేరు, కాలేజీ కుర్రాళ్లు, జానపద ప్రేమికులు. వాళ్లకు పల్లెటూరి అచ్చమైన సరుకు కావాలి, తీగకు కరెంటు తగిలితే మైలపడుతుంది. సరే అని కరెంటు గిటారు పక్కన పెట్టాడు. 1960 అక్టోబరులో న్యూయార్కు కార్నెగీ హాల్లో జానపద గాయకులు పీట్ సీగర్, జోన్ బాయెజ్‌లతో కలిసి అకూస్టిక్ మీదే పాడాడు. హ్యూస్టన్‌కు తిరిగివచ్చి తన పేట షాపుల్లో మళ్లీ ప్లగ్గు పెట్టేవాడు. ఆయనకు ముందే బిగ్ బిల్ బ్రూంజీ అనే బ్లూస్ గాయకుడు 1951లో ఐరోపా పోయి ఇదే వేషం కట్టాడు. షికాగోలో బ్యాండు నడిపిన మనిషి అక్కడ పొలం నుంచి నేరుగా వచ్చిన పాలేరులా నిలబడ్డాడు.

మన దగ్గరా ఇదే జరుగుతుంది. ఊళ్లో కీబోర్డూ ప్యాడ్లూ పెట్టుకుని భజన అదరగొట్టే బృందాన్ని ఏ పెద్ద ఉత్సవానికో పిలిస్తే, అవి వద్దు, తలపాగా చుట్టుకుని చెక్కలూ తప్పెటా మాత్రమే తెమ్మంటారు. వాళ్లూ తెస్తారు. దినబత్తెం ఇచ్చేవాడి ముచ్చట కదా. దీన్ని మోసమనలేను. 1959 గదిలో ఆ అద్దంలాంటి గిటారు మోత కూడా ఇట్లాంటి ముచ్చట వల్లే పుట్టింది. అది లేకపోతే ఆయన పూర్తిగా మరుగున పడేవాడేమో కూడా. నా చెవి ఆ కాలేజీ కుర్రాళ్ల చెవే అని ఒప్పుకుని వింటున్నాను.

మొన్న అల్లుడు వంద డాలర్ల దగ్గర మళ్లీ పట్టుకున్నాడు. ఆ రోజుల్లో వందంటే మన లెక్కన ఎంత అని. రూపాయల్లో చెబితే అతనికి తృప్తి లేదు. బంగారంలో కట్టాం. అప్పుడు అమెరికా ప్రభుత్వం ఔన్సు బంగారానికి పెట్టిన ధర 35 డాలర్లు. వందకు రమారమి 89 గ్రాములు. పాత లెక్కలో ఏడున్నర తులాల పైమాటే.

"పాటకా?"

"పాటకే."

"మూడు నిమిషాల పాటకు?"

వాళ్ల దేశంలో అప్పట్లో మామూలు జనం బంగారు కడ్డీలు దాచుకోవడానికి వీల్లేదని చెప్పినా అతను ఆ మాట చెవిన వేసుకోలేదు. ఎకరా బుడ్డలు ఎన్నేళ్లు పండిస్తే ఏడున్నర తులాలు వస్తుందో మనసులో గుణించుకుంటున్నాడు. కాసేపటికి జేబులోంచి పెన్‌డ్రైవు తీసి ఇచ్చాడు. ట్రాక్టరులో వేసుకుంటాడట. నేను ఆ హ్యూస్టన్ గది పాటలు ఎక్కించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ మెల్లగ కొట్టేవి వద్దు మామా. ఇంజను మోతలో ఏం ఇనపడతాయి? కరెంటు గిటారువి ఉండాయంటివే, అవి ఎక్కించు."

హెరాల్డ్ పాటలన్నీ ఎక్కించి ఇచ్చాను.